ఆటలో అరటిపండు

నా జీవితంలో నేను ఒకే ఒక్క గోల్ వేశాను. అది కూడా నేను వేసింది కాదు.

2008. తొమ్మిదో తరగతి. మా స్కూల్లో ఫుట్‌బాల్ జట్టంటూ లేదు. ఆ ఏడు జోనల్ పోటీలకి జట్టుని పంపి తీరాలని మా పీఈటీ మాస్టారికి ఎవరో గట్టిగా చెప్పినట్టున్నారు. ఖోఖో ఆడేవాళ్ళు నలుగురు, కబడ్డీవాళ్ళు ఐదుగురు, ఏదీ సరిగ్గా ఆడని నేనూ, నాలాంటివాడే ఇంకొకడూ. మొత్తానికి పదకొండు లెక్క తేలింది. రెండు వారాలు వాలీబాల్‌తో ప్రాక్టీసు చేశాం, ఫుట్‌బాల్ కొనలేదు కాబట్టి. మొదటి మ్యాచ్‌లోనే ఓ క్రీడా పాఠశాల జట్టు తగిలింది. వాళ్ళు రోజూ తెల్లారకముందే లేచి ఇదే పని మీద ఉండే పిల్లలు.

సగం ఆటకి 9–0. తర్వాత ఇంకో మూడు పడ్డాయి. అప్పుడు గీత అవతలి నుంచి వాళ్ళ కోచ్ ఏదో అరిచాడు. అంతే, గోల్స్ వేయడం మానేశారు. వాళ్ళలో వాళ్ళే బంతి అటూ ఇటూ అందించుకుంటూ, ముసిముసిగా నవ్వుకుంటూ టైమ్ గడిపారు. ఇంకో ఐదు నిమిషాల్లో అయిపోతుందనగా బంతి నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. నా ఎదురుగా ఉన్నవాడు తలుపు తీసినట్టు పక్కకి జరిగాడు. గోల్ కీపర్ నేను కొట్టకముందే రెండో వైపుకి మెల్లగా, పడుకోబోయేవాడిలా, వాలాడు. బంతి దొర్లుకుంటూ లోపలికి పోయింది. అతనే లేచి వచ్చి నా భుజం తట్టాడు. "బాగా కొట్టావ్ తమ్ముడూ" అన్నాడు.

ఇంటికెళ్ళి "ఓడిపోయాం, కానీ గోల్ నేనే వేశా" అని చెప్పాను. నాన్న ఆ సాయంత్రం కాజాలు తెచ్చారు. ఆ పన్నెండు గోల్స్ నేను వారం రోజుల్లో మర్చిపోయాను. ఆ ఒక్కటి మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

మనకి దీనికో మంచి మాట ఉంది. ఆటలో అరటిపండు. దాగుడుమూతలైనా, నేలా-బండైనా, పెద్ద పిల్లలు ఆడుతుంటే నేనూ ఆడతానని ఏడ్చే బుడ్డోడు ఒకడుంటాడు. వాణ్ణి వదిలేస్తే అమ్మకి చెప్తాడు. చేర్చుకుంటే ఆట పాడవుతుంది. అందుకని "నువ్వు అరటిపండువి" అంటారు. వాడు అందరితో పాటు పరిగెత్తుతాడు, అందరితో పాటు అరుస్తాడు. వాణ్ణి ఎవరూ ఔట్ చెయ్యరు. వాడు దొంగ పెట్టక్కర్లేదు. వాడు ఆటలో ఉన్నాడు, లెక్కలో లేడు. చాలాకాలం వాడికి ఈ సంగతి తెలియదు. తెలిసిన రోజు మాత్రం ఒక గమ్మత్తైన డిమాండ్ చేస్తాడు: "నన్ను కూడా ఔట్ చెయ్యండి."

ఔట్ అవ్వడాన్ని ఒక హక్కుగా అడగడం ఏమిటి? బలహీనుడి మీద దయ చూపించడం మంచిదే కదా, మరి ఆ దయ ఎక్కడ అవమానంగా మారుతుంది? ఈ ప్రశ్న నాకు మళ్ళీ ఎదురైంది 2017లో, ఎక్కడో పసిఫిక్ సముద్రం మధ్యనున్న ఒక దీవి నుంచి వచ్చిన పదిహేడేళ్ళ లోపు కుర్రాళ్ళ వల్ల.

*

ఆ ఏడాది అక్టోబర్‌లో అండర్-17 ప్రపంచ కప్ మన దేశంలో జరిగింది. ఆతిథ్యం ఇస్తున్నాం కాబట్టి మన జట్టుకి అర్హత పోటీల అవసరం లేకుండానే చోటు దొరికింది. అమెరికా చేతిలో 0–3, కొలంబియా చేతిలో 1–2, ఘనా చేతిలో 0–4. కొలంబియా మీద జీక్సన్ సింగ్ తలతో కొట్టిన గోల్, ప్రపంచ కప్‌లో భారతదేశానికి తొలి గోల్. ఆ రాత్రి హైదరాబాద్‌లో మా రూమ్‌లో ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియనివాళ్ళు కూడా గంతులేశారు. నేనూ వేశాను.

అదే టోర్నీలో న్యూ కాలెడోనియా అనే జట్టు ఒకటుంది. పేరు వినగానే గూగుల్ చేయాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాకి తూర్పున, దాదాపు 2.7 లక్షల జనాభా ఉన్న దీవులు. మన జిల్లా కేంద్రాలు కొన్ని అంతకంటే పెద్దవి. 1853 నుంచి ఫ్రాన్స్ ఏలుబడిలో ఉన్నాయి. అక్కడి మూలవాసులు కనక్ ప్రజలు. 1998లో ఫ్రాన్స్ ప్రపంచ కప్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్న క్రిస్టియన్ కారెంబ్యూ ఈ దీవుల్లోనే పుట్టాడు. 1931లో పారిస్‌లో జరిగిన వలసల ప్రదర్శన సమయంలో అతని పూర్వీకుణ్ణి జంతువుని చూపించినట్టు జనానికి చూపించారు. అందుకే ఫ్రాన్స్ తరఫున ఆడినా ఆ దేశ గీతాన్ని కారెంబ్యూ పాడేవాడు కాదు. ఇలాంటి చరిత్ర ఉన్న దీవి కుర్రాళ్ళకి తొలి ప్రపంచ కప్‌లో, తొలి మ్యాచ్‌లో ఎదురైన జట్టు ఏది? ఫ్రాన్స్.

గువాహటీలో 7–1తో ఓడిపోయారు. తర్వాత హోండురాస్ చేతిలో 5–0. మూడోది జపాన్‌తో, అక్టోబర్ 14న, కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో. ఆ జపాన్ అదే హోండురాస్‌ని 6–1తో ఓడించింది. కాగితం మీద లెక్కేస్తే ఎన్ని గోల్స్ పడాలో మీరే చెప్పండి.

ఏడో నిమిషంలోనే జపాన్ మొదటి గోల్ వేసింది. నేను ఫోన్‌లో ఓ కన్నేసి, వేరే పని చేసుకుంటున్నాను. ఎంతసేపటికీ రెండోది పడలేదు. 83వ నిమిషంలో జెకోబ్ జెనో అనే కుర్రాడు గాల్లోకి లేచి తలతో బంతిని లోపలికి పంపాడు. 1–1. ఆట అలాగే ముగిసింది. ఫిఫా పోటీల్లో ఆ దీవులకి అదే మొదటి పాయింట్. అంటే ఆ టోర్నీ అయ్యేసరికి 130 కోట్ల మందికి సున్నా పాయింట్లు, 2.7 లక్షల మందికి ఒకటి.

ఆ గోల్ చూసి నాకు సంతోషం కంటే ముందు అసూయ కలిగింది. ఎవరూ పక్కకి జరగలేదు. కీపర్ తప్పుడు వైపు వాలలేదు. ఆ గోల్ అతనిది.

*

ఆ తర్వాత పసిఫిక్ ఫుట్‌బాల్ గురించి చదవడం ఒక వ్యసనమైపోయింది. ఓషియానియా ఫుట్‌బాల్ సమాఖ్య 1966లో ఏర్పడింది. ఫిజీ, తాహితీ, వనువాటు, సాలమన్ దీవులు, పాపువా న్యూగినీ, సమోవా, టోంగా లాంటివి అందులో సభ్యులు. అండర్-17, అండర్-20 పిల్లలకి చాలాకాలం సాధారణంగా రెండేళ్ళకోసారి ఛాంపియన్‌షిప్ పెడుతూ వచ్చారు. ఇక్కడ "పక్క దేశం" అనే మాటకి అర్థం వేరు. తాహితీకి, న్యూ కాలెడోనియాకి మధ్య నాలుగు వేల కిలోమీటర్ల పైచిలుకు సముద్రం ఉంది. సరదాగా ఓ ఆదివారం వెళ్ళి ఫ్రెండ్లీ మ్యాచ్ ఆడి రావడం కుదరదు. ఆ సభ్యుల్లోనే న్యూజిలాండ్ ఉంది. 2006 దాకా ఆస్ట్రేలియా కూడా ఉండేది. ఇరవై నాలుగ్గంటలూ సాధన చేసే క్రీడా పాఠశాల, వాలీబాల్‌తో ప్రాక్టీసు చేసే మేమూ ఒకే జోన్‌లో ఉన్నట్టన్నమాట.

అందుకే ఇక్కడి స్కోర్లు చూస్తే అచ్చుతప్పులేమో అనిపిస్తుంది.

2001 ఏప్రిల్ 11, ఆస్ట్రేలియాలోని కాఫ్స్ హార్బర్. ప్రపంచ కప్ అర్హత పోటీ. ఆస్ట్రేలియా 31, అమెరికన్ సమోవా 0. ఆర్చీ థాంప్సన్ ఒక్కడే 13 వేశాడు. పేరుకి పెద్దల పోటీయే కానీ ఓడినవాళ్ళలో చాలామంది పిల్లలే. పాస్‌పోర్టుల చిక్కు వల్ల అసలు జట్టులో గోల్ కీపర్ నికీ సలాపు తప్ప ఎవరూ మిగల్లేదు. అండర్-20 వాళ్ళని తీసుకుందామంటే వాళ్ళకి స్కూల్ పరీక్షలు. చివరికి పదిహేనేళ్ళవాళ్ళని కూడా కలుపుకుని మైదానంలోకి దిగారు. చదువుతుంటే మా పీఈటీ మాస్టారే గుర్తొచ్చారు.

2015 జూలై, పాపువా న్యూగినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీ. పసిఫిక్ క్రీడలు. మైక్రోనీసియా అండర్-23 జట్టు మూడు మ్యాచ్‌లు ఆడింది. తాహితీ మీద 0–30, ఫిజీ మీద 0–38, వనువాటు మీద 0–46. మూడింటికీ కలిపి 114. చివరి మ్యాచ్‌లో సగటున రెండు నిమిషాలు నిండకముందే ఒక గోల్.

చచ్చిన పాముని ఇంకా కొట్టడం దేనికి, ముప్ఫై తర్వాతైనా ఆపొచ్చు కదా అని మనకి వెంటనే అనిపిస్తుంది.

క్రీడల తత్వశాస్త్రంలో దీని మీద నిజంగానే వాదోపవాదాలున్నాయి. 1992లో నికొలస్ డిక్సన్ అనే తత్వవేత్త, గెలుపు ఖాయమయ్యాక కూడా స్కోరు పెంచుకుంటూ పోవడంలో తప్పేమీ లేదని వాదిస్తూ ఒక వ్యాసం రాశాడు. నాకర్థమైనంతలో ఆయన వాదన ఇది: భారీ తేడాతో ఓడటం అవమానం అనుకుంటున్నామంటే, ఆటలో ఓడినవాడు మనిషిగా తక్కువవాడని మనం లోపల్లోపల నమ్ముతున్నామన్నమాట. ఆ నమ్మకమే తప్పు. మోసం, వెక్కిరింత, మొరటుతనం లేనంతవరకూ ముప్ఫై గోల్స్ అంటే ముప్ఫై గోల్సే. ఎదుటివాడి ఆత్మగౌరవానికి దానితో సంబంధం లేదు.

దీనికి ఇంకో కారణం కూడా కలపొచ్చు. గ్రూపు దశలో పాయింట్లు సమానమైతే గోల్స్ తేడా చూస్తారు. ఇవాళ మనం జాలిపడి వదిలేసిన గోల్, రేపు మూడో జట్టుకి వరమవుతుంది. దయ చూపించేది మన జేబులోంచే అయితే సరే. పక్కవాడి జేబులోంచి తీసి ఇవ్వకూడదు కదా.

ఫుట్‌బాల్‌లో ఒక చిన్న సంగతి నాకు చాలా ఇష్టం. గోల్ పడగానే బంతిని మధ్యలో పెట్టి, గోల్ తిన్న జట్టుకే ఇస్తారు. కబడ్డీలో జట్టు మొత్తం ఔటైతే అందరూ మళ్ళీ లేచి లోపలికి వచ్చినట్టు. ఓడిపోతున్నవాడికి ఆట ఇచ్చే దయ ఇంతే: ఇదిగో బంతి, మళ్ళీ మొదలుపెట్టు. ఆ సాయంత్రం కాఫ్స్ హార్బర్‌లో అమెరికన్ సమోవా ముప్ఫై సార్లు బంతిని మధ్యలో పెట్టి మళ్ళీ మొదలుపెట్టింది. అందులో నాకు అవమానం కనబడదు.

ఇంతవరకూ నేను డిక్సన్ పక్షమే. పన్నెండు గోల్స్ నన్ను ఏమీ చెయ్యలేదు, దయతో ఇచ్చిన ఒక్కటే చేసింది. కాబట్టి నిర్దాక్షిణ్యంగా ఆడటమే నిజమైన గౌరవం. వ్యాసం ఇక్కడితో ముగించేద్దామనుకున్నాను.

*

మనసొప్పక ఆనాటి మా గోల్ కీపర్‌కి ఫోన్ చేశాను. వాడిప్పుడు మా ఊళ్ళోనే మొబైల్ షాపు నడుపుతున్నాడు. కబడ్డీలో మంచి రైడర్, పొడుగ్గా ఉన్నాడని గోల్ దగ్గర నిలబెట్టారు. నేను నా సిద్ధాంతమంతా చెప్పాను. వాడు మధ్యలో ఎవరికో ఛార్జర్ అమ్మి, మళ్ళీ లైన్లోకి వచ్చాడు.

"నీకేంట్రా, నువ్వు అటు చివర నిలబడ్డావు. పన్నెండు సార్లు వెనక్కి తిరిగి వలలోంచి బంతి తీసింది నేను. పదమూడోది పడుంటే అక్కడే కూర్చుని ఏడ్చేసేవాణ్ణి. వాళ్ళ కోచ్ ఆపమన్నాడు చూడు, ఆయన్ని ఇప్పటికీ తలుచుకుంటా."

నాకేం చెప్పాలో తోచలేదు.

"మరి నాకు గోల్ ఇచ్చారు కదరా?"

"అది వేరు. నన్ను వదిలేశారు. నిన్ను ఆటపట్టించారు."

ఇన్నేళ్ళలో నేను చూడని తేడాని వాడు ఛార్జర్ అమ్ముతూ తేల్చేశాడు. బలవంతుడు చెయ్యి ఆపడం ఒక పని. ఓడినవాణ్ణి గెలిచావని నమ్మించడం ఇంకో పని. రెండింటినీ మనం దయ అనే పిలుస్తాం. మొదటిదాంట్లో నిజం నిజంలాగే ఉంటుంది: "మేం నీకంటే చాలా మెరుగు, అది తేలిపోయింది, ఇక చాలు." రెండోదాంట్లో నిజాన్నే లాగేసుకుంటారు. నేను ఎంత ఆడగలనో తెలుసుకునే అవకాశం ఆ రోజు నాకుంది. మూడు గజాల అవతల నిలబడ్డ ఆ కుర్రాడు దాన్ని నా భుజం తట్టి మరీ పట్టుకుపోయాడు.

అరటిపండు సంగతీ అంతే. బుడ్డోణ్ణి మెల్లగా తరమడంలో తప్పులేదు. నువ్వు అందరికంటే వేగంగా పరిగెత్తావని చెప్పడంలోనే ఉంది తప్పు.

ఫోన్ పెట్టేముందు వాడే ఇంకోమాట అన్నాడు. "అయినా వాళ్ళననడం దేనికిరా? చెయ్యి ఆపినా, ఆపకపోయినా ఆ ఎండలో వాళ్ళెంత ఇబ్బంది పడ్డారో! మనల్ని వాలీబాల్‌తో ప్రాక్టీసు చేయించి అక్కడికి పంపారు చూడు, అది అడుగు ముందు."

*

అది అడిగితే పోర్ట్ మోర్స్‌బీ కథ వేరేలా కనిపిస్తుంది.

46–0 మ్యాచ్‌లో తప్పెవరిది? వనువాటు కుర్రాళ్ళు 20 దగ్గర ఆపారా, 46 దగ్గర ఆపారా అన్నది తొంభై నిమిషాలకి సంబంధించిన ప్రశ్న. మైక్రోనీసియా అంటే పసిఫిక్‌లో చెల్లాచెదురుగా పడివున్న ఆరు వందల పైగా దీవులు, నాలుగు రాష్ట్రాలు. ఫిఫాలో సభ్యత్వం లేదు. సభ్యత్వం లేకపోతే ఆ దారిన వచ్చే డబ్బు లేదు, కోచ్‌లకి శిక్షణ లేదు, క్రమం తప్పకుండా ఆడే అంతర్జాతీయ మ్యాచ్‌లు లేవు. అలాంటివాళ్ళని తీసుకొచ్చి ఒలింపిక్స్ దారిలో ఉన్న జట్ల ముందు నిలబెట్టాక, ఎన్ని గోల్స్ దగ్గర ఆపితే మర్యాద అని చర్చించుకోవడం మనకి సులువైన పని. ఇల్లు తగలబడుతుంటే నిప్పు ఎంత ఎత్తు లేచిందో కొలిచినట్టు.

దయ చూపించాల్సిన వేళ మ్యాచ్‌లో కాదు, మ్యాచ్‌కి ముందు. ఎవరితో ఎవరికి ఆట పెట్టాలి, ఏడాదికెన్ని ఆటలు ఆడించాలి, బంతి ఎవరు కొనాలి అన్నవి నిర్ణయించే గదిలో. కాఫ్స్ హార్బర్ తర్వాత ఆ గదిలో కొంత కదలిక వచ్చింది. చిన్న జట్లు ముందు తమలో తాము తలపడేలా ప్రాథమిక రౌండ్లు వచ్చాయి. 2011 నవంబర్‌లో అలాంటి రౌండ్‌లోనే అమెరికన్ సమోవా 2–1తో టోంగాని ఓడించింది. అధికారిక అంతర్జాతీయ మ్యాచ్‌లో వాళ్ళ మొదటి గెలుపు అది. గోల్ దగ్గర నిలబడింది నికీ సలాపే. పదేళ్ళ తర్వాత, అదే మనిషి. అతనికి ఆస్ట్రేలియా ఇరవయ్యో గోల్ దగ్గర ఆపుంటే కలిగే ఊరటకీ, టోంగాతో ఆడే అవకాశానికీ పోలికే లేదు.

పిల్లల పోటీల్లో కూడా మార్పు వచ్చింది. ఒకప్పుడు ఓషియానియా నుంచి ప్రపంచ కప్‌కి ఒక్క జట్టే వెళ్ళేది. తర్వాత రెండింటికి అవకాశం వచ్చింది. అందువల్లే న్యూ కాలెడోనియా మన దేశానికి రాగలిగింది. ఎందుకంటే 2017 ఫిబ్రవరిలో తాహితీలో జరిగిన అండర్-17 ఫైనల్‌లో వాళ్ళు న్యూజిలాండ్ చేతిలో 7–0తో ఓడారు. ఏడు గోల్స్ తేడా ఉన్న ఆ రెండు జట్లూ ఎనిమిది నెలల తర్వాత భారతదేశంలో ఆడి, చెరొక పాయింట్‌తో ఇంటికెళ్ళాయి. న్యూజిలాండ్‌కి టర్కీతో 1–1, వీళ్ళకి జపాన్‌తో 1–1.

ఫిజీ సంగతి ఇంకా చిత్రం. ఫిజీ మనకి మరీ పరాయిదేం కాదు. 1879 నుంచి 1916 దాకా చెరకు తోటల్లో కూలికి ఒప్పందం రాయించుకుని అరవై వేల మందిని ఓడల్లో అక్కడికి తీసుకెళ్ళారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ కూలీల పిల్లలకి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఇవాళ్టి ఫిజీ ఫుట్‌బాల్ సంఘం 1938లో భారతీయుల సంఘంగానే మొదలైంది. అండర్-20 ఛాంపియన్‌షిప్‌ని ఫిజీ 2014లో సొంత గడ్డ మీద గెలిచింది. ప్రపంచ కప్‌కి ఆతిథ్య దేశం కావడంతో న్యూజిలాండ్ ఆ పోటీలో లేదు. తలుపు తెరిచి ఉంది కాబట్టి దూరారు అనొచ్చు. కానీ 2015లో ప్రపంచ కప్‌కి వెళ్ళి, జర్మనీ చేతిలో 8–1తో చితికి, ఆ వెంటనే హోండురాస్‌ని 3–0తో ఓడించారు. ఈ గెలుపు ఎవరూ పక్కకి జరిగి ఇచ్చింది కాదు.

ఆ జూలైలోనే ఫిజీ అండర్-23 జట్టు మైక్రోనీసియా మీద 38 వేసింది. మరుసటి ఏడాది రియో ఒలింపిక్స్‌లో కొరియా చేతిలో 8, జర్మనీ చేతిలో 10 తిన్నది. ఏడాది పైచిలుకులోనే గీతకి అటూ ఇటూ నిలబడి చూశారు వాళ్ళు. మెక్సికోతో మ్యాచ్‌లో మాత్రం రాయ్ కృష్ణ గోల్‌తో సగం ఆట దాకా ముందున్నారు. ఐఎస్ఎల్ చూసేవాళ్ళకి ఆ పేరు బాగా తెలుసు. చివరికి 5–1తో ఓడారు. అయినా ఆ నలభై అయిదు నిమిషాలు ఫిజీవే.

*

ఇదంతా చెప్పి, "అలా మెల్లమెల్లగా ఎదుగుతారు" అని ముగిస్తే బాగుండేది. కానీ స్కోర్లు నా మాట వినడం లేదు.

అదే న్యూ కాలెడోనియా 2023లో ఇండొనేషియాలో జరిగిన అండర్-17 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్ చేతిలో 10–0, బ్రెజిల్ చేతిలో 9–0, ఇరాన్ చేతిలో 5–0తో ఓడిపోయింది. 2025లో ఈ పోటీని 48 జట్లకి పెంచారు, ఇకనుంచి ఏటా పెడతామన్నారు. ఓషియానియాకి ఇంకో చోటు వచ్చింది. ఆ నవంబర్‌లో ఖతర్‌లో మొరాకో చేతిలో వాళ్ళ ఓటమి 16–0.

దీన్ని చూసి "వాళ్ళు సిద్ధమయ్యాక పిలవండి" అనేవాళ్ళున్నారు. బుడ్డోడు పెద్దయ్యాక ఆటకి రమ్మన్నట్టు. ఆటకి రాకుండా ఎలా సిద్ధమవుతాడు? ఇంకోవైపు "పాపం, ఎంత ముచ్చటగా ఆడుతున్నారో" అనేవాళ్ళూ ఉన్నారు. 2013లో బ్రెజిల్‌లో తాహితీ పెద్దల జట్టు స్పెయిన్ చేతిలో 10–0తో ఓడుతుంటే మరకానా స్టేడియం మొత్తం తాహితీకే చప్పట్లు కొట్టింది. అందమైన దృశ్యమే, కాదనను. కానీ ఆ చప్పట్లు తాహితీ ఎప్పటికీ గెలవదన్న ధైర్యంతో కొట్టినవేమో అని నాకో అనుమానం. అరటిపండుని అందరూ ముద్దు చేస్తారు. వాడు నిజంగా ఔట్ చెయ్యడం మొదలుపెట్టిన రోజున ఎంతమంది ముద్దు చేస్తారో చూడాలి.

రానివ్వకపోవడం, ముద్దు చేయడం రెండూ ఒకటే. రెండిట్లోనూ మనకి ఖర్చు లేదు. ప్రపంచ కప్‌లో ఒక చోటు పెంచడం కూడా కొంతవరకు అలాంటిదే. తలుపు వెడల్పు చేశారు, బానేవుంది. ఆ తలుపు దాకా రావడానికి నాలుగు వేల కిలోమీటర్ల సముద్రం మీద ఏడాదికి నాలుగు మ్యాచ్‌లైనా ఎవరు పెడతారు? ఆ ఖర్చు ఎవరిది? బలవంతుడు బలహీనుడికి బాకీపడింది గోల్ కాదు, ఆట. పోటీ అంటూ పెట్టాక నువ్వు నాకు నా స్థాయి ఏమిటో నిజంగా చూపించాలి. చూపించాక మళ్ళీ రమ్మనాలి. ఈ రెంటిలో ఒకటే చేస్తే, మొదటిది క్రూరత్వమవుతుంది, రెండోది అబద్ధమవుతుంది.

*

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఫుట్‌బాల్ కాదు. మా పెద్దమ్మ మనవడు, బీటెక్ రెండో ఏడాది చదువుతున్నవాడు, నాలుగు నెలల క్రితం మూడు కథలు పంపాడు. "మామయ్యా, నిజం చెప్పు, ఏమనుకోను" అని రాశాడు. మొదటి కథ మూడో పేజీలోనే చేతులెత్తేసింది. రెండోది ఎవరిదో చదివినట్టే ఉంది. మూడోదాంట్లో మాత్రం ఒక ముసలామె రేషన్ షాపు దగ్గర వేలిముద్ర పడక పదే పదే చీరకొంగుకి వేలు తుడుచుకుంటుంది. ఆ నాలుగు లైన్లూ వాడివే.

నేనేం చేశాను? "చాలా బాగున్నాయిరా, రాస్తూ ఉండు" అని ఓ నవ్వు బొమ్మ పెట్టాను. రెండు నిమిషాల పని. వాడు అది వాళ్ళమ్మకి చూపించాడట. వాళ్ళమ్మ ఫోన్ చేసి ఎంత సంతోషపడిందో చెప్పింది. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ నాకు కాజాలే గుర్తొచ్చాయి.

ఆ రోజు నేను రెండో వైపుకి వాలాను. మెల్లగా.

నిన్న రాత్రి ఆ ఫైలు మళ్ళీ తెరిచాను. మొదటి కథ ఎక్కడ కుప్పకూలిందో, ఎందుకో రాశాను. రెండోది ఎవరిలా ఉందో రాశాను. ముసలామె దగ్గర మాత్రం "ఇక్కడ నన్ను ఔట్ చేశావు" అని రాశాను. చివర, వచ్చే నెల ఇంకోటి పంపమని, నేను కూడా కూర్చుని చదువుతానని, ప్రతి నెలా చదువుతానని రాశాను. మొదటి మాటలు రాయడం కంటే ఆ చివరి మాట రాయడానికే ఎక్కువ భయమేసింది. నిజం ఒక్కసారి చెప్తే సరిపోతుంది. ఆట మాత్రం మళ్ళీ మళ్ళీ ఆడాలి.

పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. ఇది రాస్తున్న సమయానికి వాడింకా జవాబివ్వలేదు.